అటక మీద మొక్కు

జనవరి 19, సోమవారం

దేవునికిచ్చిన మాట పెద్దదా, కన్నబిడ్డకిచ్చిన మాట పెద్దదా? చెప్పు. తడుముకోకు, కిందికి చూడకు. మైకు పట్టుకొని తార్నాక నుంచి లాలాపేట్ దాకా కనపడ్డోళ్లందరినీ నిలదీసినదానివి, ఇప్పుడు నీ వంతు వచ్చింది.

నేను తడుముకోను. దేవునికిచ్చిందే పెద్దది. ఇక్కడ రాసి పెట్టుకుంటున్న, రేపు మనసు జారితే తీసి చదువుకునేటందుకు.

జరిగింది ఇంతే. ఈ నెల మొదటి ఆదివారం, లాలాపేట్ షెడ్డులో కృతజ్ఞత కూడిక. షెడ్డు ఓనరు ఖాళీ చేయమన్నడు. మగవాళ్ల ఆరాధనకు స్కూలు హాలు దొరికింది, స్త్రీల కూడికకు మాత్రం జాగా లేదు. సంఘపెద్ద శామ్యూల్ అన్న లేచి ఆ మాట చెప్పి, "మన సిస్టర్లు ఎవరింట్ల వాళ్లు ప్రార్థన చేసుకోవచ్చు, పొయ్యి మీద కూర కూడ చూసుకోవచ్చు" అని నవ్విండు. అందరూ నవ్విన్రు. ఆడవాళ్లు కూడా.

ఆ తర్వాత వాక్యం నాది. ఎప్పటిలెక్కనే ప్రసంగం చెప్పే ఎత్తు బల్ల ఎక్కకుండ కింద నిలబడి చెప్పిన. బల్ల ఎక్కేది మగవాళ్లు, కింద నిలబడేది సోమమ్మ, ఇది మా సంఘం పద్ధతి. షూనేము ఊరి ఆమె సంగతి తీసిన. ప్రవక్త ఆమెను గది అడగలేదు. ఆమె తనంతట తనే ఇంటి మీద గది కట్టించి మంచం, బల్ల, కుర్చీ, దీపం పెట్టింది. చెప్తుంటే చెప్తుంటే లోపల అగ్గి లేచింది. "ఆ ఊరి ఆమెకున్న ధైర్యం తార్నాక ఆమెకు లేదా?" అన్న. "మా ఇంటి అటకను మేడగది చేసి దేవునికిస్తున్న. స్త్రీలు అక్కడనే కూడుతరు. ఇది నా మొక్కు" అన్న.

రేకుల మీద వడగండ్లు పడ్డట్టు ఆమేన్లు పడ్డయి. వారాసిగూడ బాలలక్ష్మి నా చేతులు పట్టుకొని ఏడ్చింది. శామ్యూల్ అన్న అప్పుడు నవ్వలేదు.

నిరోషకు నేను ఏ మాటా ఇయ్యలేదు. డిసెంబర్‌లో అటక సంగతి తెచ్చింది పిల్ల. నేను "చూద్దాం" అన్న. చూద్దాం అంటే మాట కాదు.


జనవరి 22, గురువారం

నరహరి వచ్చి అటక చూసిండు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో తలుపులు, పైకప్పులు బాగు చేసేది ఆయనే. ఈ గల్లీలో పెంకుటిల్లు ఇంక మాదొక్కటే. అటూ ఇటూ అపార్ట్‌మెంట్లు లేచినయి. వాళ్ల బాల్కనీల్లో నిలబడితే మా పెంకులు, పెంకుల మీద నా ఒడియాలు కనపడ్తయి. అత్త ఉన్నప్పుడు అటక నిండా ఉల్లిగడ్డలు, చింతపండు. ఇప్పుడు పావురాల ఈకలు, సొట్టలు పోయిన కాగులు.

నరహరి నిచ్చెనెక్కి, వాసానికి తల కొట్టుకొని, అక్కడి నుంచే అడిగిండు.

"ఎవలికక్కా ఈ గది?"

"ప్రార్థనకు."

"అన్న నిరోషకని చెప్పె?"

"కొలతలు తీసుకో. ముచ్చట్లు తర్వాత."

నడుమ నిలబడొచ్చు, పక్కలకు పోతే నడుము వంగాలె. గోడలు కొంత లేపి, పెంకులు దించి మళ్లీ పరచాలె. వంటింటి పక్క నిచ్చెన తీసి, బయటి గోడకు ఇనుప మెట్లు పెట్టాలె.

"పిల్లకైతె నడుమల అడ్డం గోడ వెట్టి, ఇటు బల్ల, అటు మంచం చేస్త. ప్రార్థనకైతె మొత్తం ఒక్కటే హాలు. ఏది చెయ్యమంటవ్?"

"హాలు."

"కిటికి?"

"పెట్టు."

"తలుపులు మూసినా మీ దేవుడు లోపలికి వస్తడని నువ్వే చెప్తివి గదనే. కిటికి దండుగ."

"కిటికీ దేవునికి కాదురా, నీలాంటోళ్లు వస్తే గాలి తిరగనీకె."

నవ్వుకుంట దిగిండు. ఈయన నోటికి రంపం పెట్టినా తెగదు.

అన్న చెప్పిండట. అన్న అంటే మా ఆయన వీరస్వామి, యూనివర్సిటీలో కరెంటు పని చేస్తడు. పెండ్లినాడు ఇద్దరం ఎల్లమ్మకే మొక్కినం. తర్వాత నేను ఇటు వచ్చిన, ఆయన ఎటూ పోలేదు. గుడికి పోడు, కూడికకు రాడు. అటక పని బిడ్డ కోసమని అనుకుంటున్నడు. మొక్కు సంగతి నేను చెప్పలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అడగనిది చెప్పకపోవుడు అబద్ధం కాదు.


జనవరి 25, ఆదివారం

నిరోష వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిన్నంక చెప్పేసిన. దాచుకునే పని నేను చేయలేదు కదా.

డిసెంబర్‌లో అది ఇదే ముందరి గదిలో సుద్దముక్కతో నేల మీద గీసి చూపించింది. ఇది మంచం, ఇది బల్ల, ఇక్కడ నా జిరాక్సుల పెట్టెలు, ఇది గాజు పెంకు, పైనుంచి ఎలుతురు వస్తది అని. గీసినంతసేపు చిన్నపిల్లలెక్క మోకాళ్ల మీద పాకింది. పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. రైల్వే కూలీలు లాలాపేట్ దిక్కు ఎట్లొచ్చి ఇండ్లేసుకున్నరో, ఆ చరిత్ర రాస్తున్నది. ఫెలోషిప్ అయిపోయింది. ఫిబ్రవరి ఆఖరుకు హాస్టల్ గది వదలాలె. ఈ ఏడు థీసిస్ ఇయ్యకపోతే రిజిస్ట్రేషన్ పోతదట. ఈ రెండు గదుల ఇంట్లో తెల్లవారకముందే నా ప్రార్థన, తర్వాత వచ్చేటోళ్లు, పోయేటోళ్లు. కూర్చొని రాసే జాగా లేదు. అటక ఉపాయం దానిదే.

ఇవ్వాళ మొక్కు సంగతి మొత్తం విన్నది. చేయి కడుక్కొని వచ్చి కూర్చున్నది.

"దేవునికి ఆకాశం మొత్తం ఉన్నది గదనే అమ్మా. మన అటక మీద్నే కన్ను వడ్డదా?"

"నోరు."

"నోరు నీదే వడ్డదిగ. నువ్వు ప్రసంగం చెప్పేటప్పుడు నిన్ను ఆపెటోడు లేడు. మంది ఆమెన్ అంటున్న కొద్ది నువ్వు ఇంట్ల సామాన్ ఒక్కొక్కటి ఇచ్చేస్తవ్. గిన్నెలిచ్చినవ్, కుట్టుమిషన్ ఇచ్చినవ్. ఇప్పుడు నన్ను కూడ ఇచ్చేసినవ్."

"కూడిక లేని దినాలు నువ్వు రాసుకోవచ్చు. ఎవరు వద్దన్నరు?"

"కూడిక లేని దినం ఏది? చెప్పు. మంగళారం ఉపవాసం, గురువారం సాక్ష్యాలు, శనారం పాటలు. నీ హల్లెలూయల నడుమల నేనేం రాయాలె?"

"హల్లెలూయలే రాయి."

అది నవ్వుతదనుకున్న. నవ్వలేదు. "బాపుకు చెప్పినవా?" అన్నది. లేదన్న. "నేను చెప్ప. నువ్వే చెప్పుకో" అని సంచి తీసుకొని పోయింది. బస్టాప్ దాకా పోయి దింపుదామనుకున్న. పోలేదు. నేనేం తప్పు చేసిన, వెంట పడనీకె?


జనవరి 26, సోమవారం

చూద్దాం అంటే మాట కాదు.


జనవరి 30, శుక్రవారం

నిరోష ఫోన్ ఎత్తుతలేదు. పొద్దున క్యాంపస్‌కు పోయిన. దాని కోసం కాదు, శుక్రవారం శుక్రవారం అక్కడ వాక్యం చెప్పుడు నాకు అలవాటే. ఆర్ట్స్ కాలేజీ దిక్కు చెట్ల కింద వాకింగ్ చేసే పెద్దమనుషులకు ఎదురుంగ నిలబడి చెప్తా. కొందరు దండం పెట్టి పోతరు, కొందరు చెవుల్లో వైర్లు పెట్టుకుంటరు. ఇదే క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్ మెస్సులో చపాతీలు ఒత్తుకుంట నేను అక్షరాలు నేర్చుకున్న. పిండి డబ్బా మీద వాక్యం విప్పి పెట్టుకొని, హాస్టల్ పిల్లలను ఒక్కొక్క మాట అడుగుకుంట. పిండి అంటిన పేజీలు ఇప్పటికీ గరగర అంటయి. ఏ పాస్టరూ నాకు నేర్పలేదు. ఎవనికీ నేను బాకీ లేను.

తర్వాత టిఫిన్ డబ్బా ఇయ్యాలె కాబట్టి లైబ్రరీకి పోయిన. బయట గట్టు మీద కూర్చొని తిన్నది. సర్వపిండి. ఎంత కోపమున్నా సర్వపిండి వదలదు.

"ఉద్యోగం వచ్చిందమ్మా" అన్నది నములుకుంట. "ఆదిలాబాద్ దిక్కు, ప్రైవేట్ రెసిడెన్షియల్ స్కూల్. అక్కడ్నే ఉండాలె. పొద్దుగాల పిల్లల్ని లేపుడు కాడి నుంచి రాత్రి పండవెట్టుడు దాక నాదే డ్యూటీ."

"మరి థీసిస్?"

"ఏ థీసిస్?"

అట్ల అన్నది. దాని కండ్లు డబ్బాలోనే ఉన్నయి.

"రాత్రిళ్లు రాసుకోవచ్చు" అన్న నేను.

"హా. చూద్దాం."

నా మాట నాకే తిప్పి కొట్టింది. కావాలనే కొట్టింది. నేను కదలలేదు. నన్ను కదిలించాలంటే ఇంకా గట్టిగ కొట్టాలె. దేవుని పని మొదలుపెట్టినప్పుడు ఇంటోళ్లే మొదట అడ్డం వస్తరు. ఇది నాకు కొత్త కాదు.

ఎప్పుడు పోవాలె అని అడిగిన. ఫిబ్రవరి ఇరవై మూడు పొద్దున బస్సు అన్నది.


ఫిబ్రవరి 3, మంగళవారం

నరహరి దూలాలన్నీ సుత్తితో కొట్టి చూసిండు. కుదరదన్నడు. "అక్కా, ఒక్క మనిషి ఉండి చదువుకుంటె ఈ టేకు దూలాలు నీ మనవలు ఎల్లదాక ఆగుతయ్. మంది కూసొని చప్పట్లు కొడితె మాత్రం నేను జవాబుదారి కాదు. వాక్యం వినుకుంట నిద్రవోయి మూడో అంతస్తు కెళ్లి కింద పడ్డ పిలగాని ముచ్చట నువ్వే చెప్పినవ్, ఆనికంటె ఘోరమైతది."

ఆ పిల్లవాడు చచ్చినా లేచి బతికిండు అన్న నేను.

"మరి నీ మందిల చచ్చినోళ్లను లేపెటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

ఇంటి మీద నుంచి ఎవరన్న పడితే ఆ నెత్తురు ఇంటివాళ్ల మీదనే అని ధర్మశాస్త్రంలో స్పష్టంగ ఉన్నది. అందుకే పిట్టగోడ కట్టమన్నది. దేవుడే దూలాలకు బలం ఇయ్యకపోతే నేనేం చేయగల్గుత? మొక్కు మొక్కిన, దూలాలు ఆగవు. నా తప్పు ఇందులో ఏమున్నది? ఈ సంగతి ఆదివారం సంఘంలో చెప్పాలె.

ఇవ్వాళ శానా దినాలకు బెండకాయ కూర మంచిగ కుదిరింది. ఆయన రెండోసారి వేసుకున్నడు.


ఫిబ్రవరి 8, ఆదివారం

కూడికలో దూలాల సంగతి చెప్పిన. చెప్పి కూర్చోకముందే శామ్యూల్ అన్న లేచిండు. రైల్వేలో పని చేసిన మనిషి, ఇనుము సంగతి తెలుసు. "సోమమ్మ సిస్టర్ మొక్కు దూలాల దగ్గర ఆగుతదా? ఇనుప గడ్డర్లు నేను ఇప్పిస్త. సంఘం తరఫున. ఇరవై రెండు తారీఖు ఆదివారం ఆరాధన కాంగనే లారీల తెస్తం, యువకులు పట్టుకుంటరు" అన్నడు. అందరూ లేచి స్తోత్రం చెప్పిన్రు. బాలలక్ష్మి మళ్లీ ఏడ్చింది.

నేను కూడా స్తోత్రం అన్న.


ఫిబ్రవరి 9, సోమవారం

స్తోత్రం. అన్నం సహించలేదు. ఎండ కావొచ్చు.


ఫిబ్రవరి 11, బుధవారం

ఆయన డ్యూటీ నుంచి తొందరగ వచ్చి అటకెక్కిండు. పైన ఏదో రంధ్రం పడుతున్న చప్పుడు. పోయి చూస్తే, గోడకు కిందుగ ప్లగ్గు పెట్టె బిగిస్తున్నడు. పెదాల నడుమ స్క్రూలు.

"ఇంత కిందికి ఎందుకు?" అన్న.

స్క్రూలు తీసి జేబులో వేసుకున్నడు. "బల్ల గీడ వస్తది గదా. ల్యాప్‌టాప్ వైరు కాళ్లకు తట్టొద్దు. మొన్న హాస్టల్ల దాని గదికి పోయిన, వైరు మంచం మీదికెళ్లి గుంజుకున్నది. తట్టుకుంటె ఏమున్నది, అంత పోతది."

"గడ్డర్లు వస్తున్నయి" అన్న.

"ఎందుకు గడ్డర్లు? ఒక్క పిల్లకు."

"మంచిగుంటదని."

"నీ ఇష్టం" అన్నడు. ఆయన ఎప్పుడూ ఆ మాటే అంటడు. ముప్పై ఏండ్ల కాపురం ఆ ఒక్క మాట మీదనే నడిచింది. మళ్లీ స్క్రూలు నోట్లో పెట్టుకున్నడు. పక్కనే గోడకు ఇంకో చిన్న పెట్టె బిగించి ఉన్నది. ఇదేంది అంటే, "ఫ్యానుకు. నువ్వు ఎప్పుడన్న పైకొచ్చి దాని పక్కకు కూసుంటవ్ గద, నీకు చెమట ఎక్వ" అన్నడు.

దిగి వచ్చి పప్పు పొయ్యి మీద పెట్టిన. మాడింది.


ఫిబ్రవరి 14, శనివారం

శామ్యూల్ అన్న ఇంటికొచ్చిండు. చాయ్ తాగి అటక చూసి సంతోషపడ్డడు. పోయేముందు గొంతు తగ్గించి అడిగిండు.

"సిస్టర్, బ్రదర్‌కు తెలుసు కదా?"

"ఏం తెలువాలె?"

"మీ మొక్కు. ఇల్లు ఆయన తల్లిది. పైగ వాక్యం ఒకటి ఉన్నది, మీకు తెల్వంది కాదు. భార్య మొక్కుకున్న మాట భర్త విన్న దినాన కాదంటె అది కొట్టుడు పోతది, ఆమె మీద దోషం ఉండదు. ఊకుంటె నిలబడ్తది. రేపు ఎవరన్న లేపుతరు ఈ సంగతి. గడ్డర్లు రాకముందు ఒకసారి ఆయన చెవిల వేసెయ్యండి. ఆయన ఎట్లాగు ఏమనడు గద. ఆయన ఊకుంటె చాలు, పక్కా అయిపోతది."

"నా మొక్కుకు మొగని సంతకం కావాల్నా అన్నా?"

"నేనంటలేను సిస్టర్. మోషే అన్నడు."

మర్యాదగనే అన్నడు. మనిషి చెడ్డవాడు కాదు. గడ్డర్లు ఆయన సొంతానికి తెస్తలేడు. కానీ ఆ చాయ్ కప్పు కడిగేటప్పుడు చెవి విరిగింది.

ఆ అధ్యాయం నాకు తెల్వకపోవుడేంది? సంఖ్యాకాండం ముప్పై. పిండి డబ్బా మీద మొదటిసారి చదివిననాడే ఆ పేజీ గట్టిగ మూసిన. అటు నుంచి ఇటు ఎన్నిసార్లు చదివినా ఆ అధ్యాయం మీద ఒక్కసారి కూడా వాక్యం చెప్పలేదు, చెప్పను. విధవరాలి మాట నిలబడ్తదట, పెండ్లయినదాని మాట మొగడు తుడిచేయొచ్చునట. నా నోటి నుంచి వచ్చింది నాది. ఎవడూ తుడిచేది లేదు.


ఫిబ్రవరి 15, ఆదివారం

విన్న దినాన కాదంటె చాలు.


ఫిబ్రవరి 17, మంగళవారం

ఉపవాసం. బాలలక్ష్మి, ఇంకో నలుగురు వచ్చిన్రు. ప్రార్థనలో నా నోటికి మాట రాలేదు. నాకు! వాళ్లే పాడుకొని పోయిన్రు. బాలలక్ష్మి గడప దగ్గర ఆగి, "అక్కా, నీ మొఖం ఏందిట్ల? నిరోష పోతున్నదనా? దేవుడు చూసుకుంటడులే" అన్నది.

నేను ఎంతమందితో అన్ననో ఈ మాట. దేవుడు చూసుకుంటడు అంటే నేను చూసుకోను అని.

అధ్యాయం మళ్లీ చదివిన. ఆయన ఇంకా వినలేదు. వినలేదు కాబట్టి దినం ఇంకా మొదలు కాలేదు. నేను చెప్పిన దినమే ఆయన విన్న దినం. ఆయన కాదంటె నాకు దోషం లేదు, దేవునికి నేను బాకీ లేను, సంఘంలో నాకు మాట పడదు. బిడ్డ ఇంట్లో ఉంటది. ఒక్క "కాదు". ముప్పై ఏండ్లల్లో ఆ మనిషి నోటి నుంచి రాని మాట.

ఇది మోసం కాదు. వాక్యంలోనే తలుపున్నది. వాక్యం తెరిచిన తలుపులోనుంచి పోవుడు మోసమెట్లయితది? నేను ఆ తలుపును అసహ్యించుకున్న సంగతి వేరు.


ఫిబ్రవరి 21, శనివారం

చెప్పిన.

పొద్దున ఆయన గడ్డం చేసుకుంటుంటే, అద్దం ముందర, మొఖం మీద సబ్బు నురగ ఉన్నప్పుడు చెప్పిన. మొక్కు, షెడ్డు, షూనేము ఆమె, గడ్డర్లు, నిరోష బస్సు, అన్నీ ఒక్క దమ్ములో. చెప్పి, "ఇప్పుడు నువ్వు కాదను" అన్న.

రేజర్ ఆపిండు. అద్దంలోనే నన్ను చూసిండు.

"ఏంది?"

"కాదు అను. ఇవ్వాళే అనాలె. రేపు అంటే చెల్లదు."

"నువ్వు మొక్కుడు అయితె మొక్కినవ్, నేను కాదనుడేంది?"

అధ్యాయం చదివి వినిపించిన. నురగ ఎండిపోయేదాకా విన్నడు. తర్వాత మొఖం కడుక్కొని వచ్చి, అరుగు మీద కూర్చొని, నన్ను కూడా కూర్చోమన్నడు.

"నువ్వు ఎల్లమ్మను ఇడిచినప్పుడు కాదంటినా? నీళ్లల్ల మునిగి బాప్తిస్మం తీస్కున్నప్పుడు కాదంటినా? కుట్టుమిషన్ ఎత్తి ఆళ్లకిస్తె కాదంటినా? ఇయ్యాల నా కాదు ఎందుకు గావల్సొచ్చె?"

"గ్రంథంలో ఉన్నది."

"నీ గ్రంథంల ఉన్నది. నాకు గ్రంథం లేదు గదా."

"అయ్యా, ఒక్క మాట. నీ నోరు అరిగిపోతదా?"

"అరిగిపోదు. గని రేపు మందిల ఏం చెప్తవ్? మా ఆయన అడ్డం వడ్డడు, అన్యుడు, నేను ఏం జెయ్యాలె అని చెప్తవ్. నేను సైతాన్ అయిత, నువ్వు హతసాక్షి అయితవ్. సంఘమంత నీ కోసం ఉపవాసం ఉంటది." నవ్విండు. కోపంగ కాదు. "నీ ప్రసంగాలు వంటింట్ల కెళ్లి ఇన్నేండ్లు ఇన్న సోమమ్మా. నీ కథలల్ల ఎప్పుడు ఒక చెడ్డోడు కావాలె."

నాకు మంట లేచింది. లేచిన. "బిడ్డ కోసం అడుగుతున్న" అన్న.

"బిడ్డ కోసమైతె నువ్వే కాదను. ఇచ్చింది నువ్వు. ఇప్పుడు ఒగ మాట చెప్తా, ఉరుముతవో నవ్వుతవో నీ ఇష్టం. ఆ గది దేవుడు అడగలె. నీకు గావాలె. ఆళ్లు నిన్ను బల్ల కిందనే నిలవెడ్తున్నరు, నువ్వు ఆళ్లందరి నెత్తి మీద గది కట్టుకుందామనుకున్నవ్. దాంట్ల తప్పేం లేదు. నేనైతె ఎప్పుడో ఆ బల్ల ఇరగ్గొడుదును. గని దేవుని పేరు మీద ఎందుకు రాసినవ్?"

నేను ఏదో అన్న. ఏమన్ననో గుర్తు లేదు. పెద్దగనే అన్న, పక్క అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఆమె బట్టలు ఆరేసుడు ఆపి చూసింది.

ఆయన చెప్పులేసుకున్నడు. "నేను కాదనను. సరే అని కూడ అనను. నీ మాట నీదేనని నువ్వే గద లోకమంత మొత్తుకునేది" అని డ్యూటీకి పోయిండు.

సాయంత్రం వచ్చిండు. చాయ్ ఇచ్చిన. ఆయన ఏం మాట్లాడలేదు, నేను ఏం మాట్లాడలేదు. పొద్దు కుంకింది. విన్న దినం అయిపోయింది. ఆ తలుపు మూసుకున్నది. ఇప్పుడు నా మొక్కుకు భర్త అడ్డం లేడు, దూలాలు అడ్డం లేవు. ఇక అడ్డం పడితే నేనే పడాలె.


ఫిబ్రవరి 22, ఆదివారం, పొద్దున

యెఫ్తా అధ్యాయం తీసిన. యుద్ధం గెలిచి వస్తే ఇంట్లోనుంచి మొదట ఎదురొచ్చేదాన్ని దేవునికి బలి ఇస్తనన్నడు. బిడ్డ తంబుర కొట్టుకుంట ఎదురొచ్చింది. ఆయన బట్టలు చింపుకున్నడు, ఏడ్చిండు, మాట తప్పలేదు. ఈ కథను నేను ఎన్ని కూడికల్లో చెప్పిన్నో! "చూడండి, మాట అంటే అది" అని బల్ల గుద్ది చెప్పిన. ఆడవాళ్లు చెంపలేసుకున్నరు.

ఇవ్వాళ మొదటిసారి చూసిన, ఆ బిడ్డకు పేరు లేదు. తండ్రి పేరున్నది, ఊరి పేరున్నది, ఓడగొట్టిన ఊర్ల పేర్లు కూడా ఉన్నయి. పిల్ల పేరు ఎవరూ రాయలేదు. ఏండ్లకేండ్లు చెప్పిన నేను కూడా ఎవరినీ అడగలేదు.

నా బిడ్డ పేరు నిరోష.

డిసెంబర్‌లో నేను "చూద్దాం" అనలేదు. "సరే బిడ్డా, నీకే" అన్న. సుద్ద అంటిన చేతులు నా చీరకే తుడుచుకున్నది అది.

మొక్కి చెల్లించకపోవుడు కంటె మొక్కకపోవుడు మేలని రాసి ఉన్నది. దోషమని రాసి ఉన్నది. తెలుసు నాకు. ఉండనీ. నా మీదనే ఉండనీ. దాన్ని వీరస్వామి మీద పెట్టను, దూలాల మీద పెట్టను, మోషే మీద కూడా పెట్టను. నేను మొక్కిన, నేనే విరుస్తున్న. అగ్గి కురిపిస్తే నా నెత్తి మీద కురిపియ్యి తండ్రీ, పిల్ల నెత్తి మీద కాదు. లెక్క అడిగేనాడు నేనే నిలబడ్త. కండ్లల్లోకి చూసి చెప్తా. నన్ను చేసినవాడివి, నా నోరెంతదో నీకు తెల్వదా?

మరి ఇంక ఏం రాస్తున్నవ్? రాసుడు కూడా తప్పించుకునుడే. లే సోమమ్మా. శామ్యూల్ అన్న ప్రకటనలు చదవకముందే లేవాలె, లారీ మాట ఎత్తకముందే లేవాలె. కింద నిలబడి కాదు, బల్లెక్కి చెప్పు. దించుతరా, దించనీ, చెప్పేదాకా దిగకు. గది నా బిడ్డది అని చెప్పు. స్త్రీల కూడికకు స్కూలు హాలులో సగం దినం ఇయ్యమను. అడుక్కోకు, ఇయ్యమను. బాలలక్ష్మి ఏడిస్తే ఏడ్వనీ.

దానికంటె ముందు ఫోన్. ఇప్పుడే. నిరోష ఎత్తకపోతే హాస్టల్‌కే నడువు, గేటు దగ్గర పేరు పెట్టి పిలువు, లోపల ఎంతమంది పడుకున్నా సరే. రేపు పొద్దున బస్సున్నది. రేపు నీది కాదు. చీర కట్టుకో, చెప్పులేసుకో, పో.